గడియ నుండి గడియారం వరకు : హెచ్.ఎం.టి. వారసత్వం – ఒక పరిశీలన

తెలుగు, ఉర్దూ భాషలకు ఉమ్మడి మాటలు అనేకం ఉన్నవి. వానిలో మన విద్యార్థులు ప్రతిదినం పలికే మాట ఒకటి. తెలుగులో మనం గడియ, గడియారం అంటాము. ఉర్దూలో ఘడీ, ఘడియాల్ అంటారు. ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. వీని మూలం సంస్కృతంలోని ఘటి, ఘటిక. ఘటిక అనగా చిన్న కుండ.

పూర్వం అడుగున సన్నని రంధ్రం గల రాగిగిన్నెను నీటితొట్టిలో విడిచేవారు. ఆ గిన్నె నిండి మునగడానికి పట్టే కాలం ఒక గడియ. నేటి లెక్క ప్రకారం 24 నిమిషాలు. గిన్నె మునిగినప్పుడెల్లా కంచుతో చేసిన పలకను మ్రోగించి ఊరికి కాలం తెలిపేవారు. ఆ కంచుపలకకే ఘడియాల్ అని పేరు. పగలు రాత్రి కలిపి 60 గడియలు. ఏడున్నర గడియలు ఒక జాము.

ఈ చిన్న గిన్నె మన దేశంలోనే నిలిచిపోలేదు. 1206లో అల్ జజరీ అనే మహా యంత్రశిల్పి అరబ్బీ భాషలో యంత్రాలను గురించి ఒక గ్రంథం రచించినాడు. అందులో వర్ణింపబడిన ఏనుగు గడియారం జగత్ప్రసిద్ధం. ఏనుగు పొట్టలోని నీటితొట్టిలో రంధ్రం గల గిన్నె మెల్లగా మునుగుతూ పైనున్న బొమ్మలను కదలిస్తుంది. ఏనుగు భారతదేశానికి గుర్తు. మునిగే గిన్నె భారతీయుల ఘటిక. విద్యకు ఎల్లలు లేవని చెప్పడానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ అరుదు.

నీటిగిన్నె నుండి చేతి గడియారం వరకు సాగిన ఈ సుదీర్ఘ ప్రయాణంలో, స్వతంత్ర భారతదేశం తనంత తానుగా వేసిన పెద్ద అడుగు హెచ్.ఎం.టి. గడియారం. దాని పుట్టుక, దాని రకాలు, దాని యంత్రనిర్మాణం, దాని పతనం – ఈ నాలుగింటినీ పరిశీలించి, వాని నుండి మనం గ్రహించవలసినదేమో తెలుసుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సంస్థ స్థాపన

స్వాతంత్ర్యానికి పూర్వం మన దేశంలో చేతి గడియారమంటే విదేశీ వస్తువే. స్విట్జర్లండు నుండి వచ్చిన ఫావ్రె-ల్యూబా, వెస్ట్ ఎండ్ వంటి పేర్లు సంపన్నుల, ఉద్యోగుల నోట వినిపించేవి. వెస్ట్ ఎండ్ వారు తమ గడియారానికి ‘సోవార్’ అనే పేరు పెట్టినారు. సవార్ అనగా ఆశ్వికుడు. పేరు మాత్రమే మన దేశానిది. వస్తువు మనది కాదు.

1953లో భారత ప్రభుత్వం బెంగుళూరులో హిందుస్థాన్ మెషిన్ టూల్స్ అనే సంస్థను స్థాపించినది. దీని పొడి అక్షరాలే హెచ్.ఎం.టి. ఈ సంస్థ పుట్టినది గడియారాల కోసం కాదు. లేత్ మొదలైన యంత్రాలను, అనగా ఇతర యంత్రాలను తయారుచేసే యంత్రాలను నిర్మించడం దాని ధ్యేయం. యంత్రాన్ని కొనుక్కొన్న దేశం కొన్నాళ్ళు బ్రతుకుతుంది. యంత్రాన్ని చేసే యంత్రం గల దేశం తన కాళ్ళపై నిలుస్తుంది. ఇది నాటి జాతీయ నాయకుల నమ్మకం.

సూక్ష్మమైన కొలతలతో లోహాన్ని మలచగల నేర్పు చేతికి వచ్చిన తరువాత, ఆ నేర్పుకు కఠిన పరీక్ష వంటిది గడియారాల తయారీ. జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగుళూరులో గడియారాల కర్మాగారం ఏర్పడినది. అందులో తయారైన తొలి గడియారాలను నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ విడుదల చేసినారు. క్రమంగా శ్రీనగర్‌లోను, కర్ణాటకలోని తుముకూరులోను, నైనిటాల్ సమీపాన రాణీబాగ్‌లోను కర్మాగారాలు వెలసినవి. సంస్థ తన జీవితకాలంలో తయారుచేసిన గడియారాలు పదికోట్లకు పైబడినవి. దేశానికి కాలం చెప్పే సంస్థ అని తనను తాను చెప్పుకొనే అర్హత దానికి ఆ విధంగా కలిగినది.

పేర్లలో కనిపించే దేశం

హెచ్.ఎం.టి. గడియారాల రకాలను వరుసగా చూచినప్పుడు భాషాభ్యాసకులకు ఒక విశేషం గోచరిస్తుంది. తొలినాళ్ళ రకాలలో మిక్కిలి ప్రసిద్ధి చెందినది ‘జనతా’. తెల్లని డయల్, మూడు ముళ్ళు, నిరాడంబరమైన అంకెలు – ఇంతకు మించి దానిలో అలంకారం లేదు. డయల్ మీద జనతా అనే మాట నాగరి లిపిలో వ్రాసి ఉంటుంది. స్త్రీల కోసం చేసిన గడియారానికి ‘సుజాత’ అని పేరు. నల్లని డయల్ గలది ‘పైలట్’. సైనికుని తలపించేది ‘జవాన్’. పలుచని అందానికి పేరు పొందినది ‘సోనా’. చేతి కదలికతో తనంతట తానే బిగుసుకొనే రకాలలో ‘కాంచన్’, ‘రజత్’ ప్రసిద్ధమైనవి. ఇవి గాక ‘కోహినూర్’ అనే పేరుతో మరొక రకం. చూపులేని వారు వ్రేళ్ళతో తడిమి కాలం తెలిసికొనడానికి అనువైన బ్రెయిలీ గడియారాలను సైతం ఈ సంస్థ తయారుచేసినది.

ఈ పేర్లను విడదీసి చూడండి. సుజాత, కాంచన్, రజత్ సంస్కృత పదాలు. జవాన్, కోహినూర్ పారసీకం నుండి ఉర్దూ ద్వారా మనకు అందినవి. సోనా హిందీ, ఉర్దూ రెండింటిదీ. పైలట్ ఆంగ్లం. ఒకే కర్మాగారంలో, ఒకే బల్లమీద, ఈ పదాలన్నీ పక్కపక్కన కూర్చున్నవి. ఏ పేరూ మరొక పేరును బయటికి నెట్టలేదు.

కోహినూర్ అనగా కాంతిపర్వతం. ఆ పేరు మన ప్రాంతానికి దూరమైనది కాదు. ఆ వజ్రం కృష్ణాతీరంలోని కొల్లూరు గనిలో లభించినదని విశేష ప్రచారంలో ఉన్నది. మన నందిగామకు చేరువనున్న పరిటాల సైతం ఒకప్పుడు వజ్రాల గనులకు పేరెన్నిక గన్నదే. చుట్టూ ఆంగ్లేయుల పాలన సాగుతున్న కాలంలో ఆ గ్రామం నిజాం ఏలుబడిలో ఉండేది. వజ్రం దేశాలు దాటి రాజుల కిరీటాలకెక్కినది. దాని పేరు మాత్రం తిరిగి వచ్చి సామాన్యుల మణికట్టు మీద నిలిచినది.

యంత్రనిర్మాణం

కీ ఇచ్చి నడిపే గడియారం ఎట్లు పనిచేస్తుందో విద్యార్థులు తెలుసుకొనుట అవసరం. మనం కీ తిప్పినప్పుడు లోపలి ఉక్కు స్ప్రింగు చుట్టుకొని బిగుసుకొంటుంది. ఆ స్ప్రింగు విప్పుకొనడానికి ప్రయత్నిస్తుంది. దానిని ఒక్కసారిగా విప్పుకోనిస్తే ముళ్ళు గిర్రున తిరిగి క్షణంలో ఆగిపోతాయి. కాబట్టి ఆ బలాన్ని కొద్దికొద్దిగా విడవాలి. ఆ పనిని పళ్ళ చక్రమొకటి, దానిని ఆపి విడిచే చిన్న మీట ఒకటి, ఇటు అటు ఊగే బ్యాలెన్స్ చక్రమొకటి కలిసి చేస్తాయి. మనం వినే టిక్ టిక్ శబ్దం ఆ మీట పళ్ళ చక్రాన్ని ఆపి విడిచే శబ్దమే.

జనతాలోని యంత్రం గంటకు 18,000 సార్లు కొట్టుకొంటుంది. అనగా సెకనుకు 5 సార్లు. మన పాత కొలతలో ఒక గడియకు 7,200 సార్లు. ఒక దినానికి లెక్కిస్తే 4,32,000 సార్లు. కలియుగానికి మన పంచాంగకర్తలు చెప్పే సంవత్సరాల సంఖ్య కూడా 4,32,000 కావడం ఆశ్చర్యకరమైన కాకతాళీయం. లెక్కలంటే భయపడే విద్యార్థి సైతం ఈ సంఖ్యను మరచిపోడు.

‘పదిహేడు రాళ్ళ వాచీ’ అని పెద్దలు గొప్పగా చెప్పుకొనేవారు. ఆ రాళ్ళు నగలలోని రాళ్ళ వంటివి కావు. కృత్రిమంగా తయారుచేసిన కెంపులు. నిరంతరం తిరిగే ఇరుసుల కొనలు లోహం మీద ఒరుసుకొంటే త్వరగా అరిగిపోతాయి. కెంపు మిక్కిలి గట్టిది, నునుపైనది. కనుక ఇరుసు కొనలను కెంపుల గుంతలలో నిలిపినారు. ఆ పదిహేడు రాళ్ళు గడియారానికి అలంకారం కాదు, ఆయుర్దాయం.

ఇట్టి గడియారం రోజుకు అర నిమిషం తేడా చూపినదనుకొందాం. ఒక దినంలో 86,400 సెకన్లు. అందులో 30 సెకన్ల తప్పు అంటే 2,880లో ఒక వంతు. పొలంలోను, బస్సులోను, ఎండలోను, చలిలోను కుదుపులు తింటూ బ్రతికే చిన్న యంత్రానికి ఇది చిన్న ఘనత కాదు.

అన్నింటి కంటె ముఖ్యమైన గుణం మరొకటి ఉన్నది. ఈ గడియారం విప్పదగినది. వెనుక మూత తీస్తే ప్రతి భాగమూ కంటికి కనబడుతుంది. అరిగిన భాగాన్ని తీసి మరొకటి వేయవచ్చు. దుమ్ము పట్టిన చక్రాన్ని కడిగి, బొట్టు నూనె వేసి, తిరిగి నడిపించవచ్చు. అందుచేతనే ఈ గడియారం బెంగుళూరులోని కర్మాగారానికే పని కల్పించి ఊరుకోలేదు. ప్రతి చిన్న పట్టణంలోను ఒక చిన్న బల్ల, ఒక కంటి భూతద్దం, కొన్ని సన్నని పట్టకార్లు గల పనివానికి అది అన్నం పెట్టినది.

మన మెట్ట ప్రాంతంలో

జగ్గయ్యపేట రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేర నిలిపిన పట్టణం. కృష్ణాజిల్లాలోని ఈ ఎగువ ప్రాంతం 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినా, హైదరాబాదు – విజయవాడ రహదారి మీద నిలిచిన జగ్గయ్యపేట, నందిగామల జీవనరీతి మారలేదు. మన పల్లెల ప్రయాణాలు రైలుకంటె బస్సుతోనే ఎక్కువగా ముడిపడి ఉన్నవి. మొదటి బస్సు తప్పితే ఆసుపత్రి, కోర్టు, పరీక్ష – అన్నీ తప్పినట్లే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు మెట్టపొలాలకు అందిన తరువాత, నీటి వంతులు లెక్కించుకొనే రైతుకు గడియారం అక్కరకు వచ్చినది.

ఇక ఇళ్ళలో దాని స్థానం చెప్పనక్కరలేదు. పెండ్లిలో అల్లునికి పెట్టే కానుకలలో సైకిలు, రేడియోలతో పాటు వాచీ ఉండేది. నిఖా నాడు దూల్హా చేతికి కట్టినా, పీటల మీద పెండ్లికుమారుని చేతికి కట్టినా అది తరచుగా హెచ్.ఎం.టి.యే. ముహూర్తం దాటిపోతున్నదేమోనని పురోహితుడు చూచినదీ, రంజాను మాసంలో సహరీ, ఇఫ్తార్ వేళల పట్టికతో ఇంటి పెద్ద సరిచూచుకొన్నదీ ఆ గడియారమే. అది ఎవరి కాలాన్ని వారికి చెప్పినది. ఆ చెప్పడంలో భేదం చూపలేదు.

హైదరాబాదు గడియారం – ఆల్విన్

హెచ్.ఎం.టి. బెంగుళూరుదైతే, తెలుగు గడ్డ మీద పుట్టిన గడియారం కూడా ఒకటి కలదు. అది ఆల్విన్. 1942లో నిజాం రాజ్యంలో హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ అనే సంస్థ ఏర్పడినది. సనత్‌నగర్‌లోని ఆ సంస్థ ఇనుప బీరువాలు, రిఫ్రిజిరేటర్లు తయారుచేసినది, ఆర్.టి.సి. బస్సులకు బాడీలు కట్టినది. 1981లో జపానుకు చెందిన సీకో సంస్థ సహకారంతో చేతి గడియారాల తయారీకి పూనుకొన్నది. ఆ దశకంలో మన ప్రాంతపు ప్రయాణికుడు ఆల్విన్ కట్టిన బస్సులో కూర్చుండి, ఆల్విన్ గడియారంలో వేళ చూచుకొన్న సందర్భాలు తప్పక ఉండి ఉంటాయి.

1990 దశకంలో ఆ సంస్థ విడిపోయినది. రిఫ్రిజిరేటర్ల విభాగం వోల్టాస్ చేతికి పోయినది. గడియారాల ఉత్పత్తి నిలిచిపోయినది. హైదరాబాదులో ఆల్విన్ కాలనీ, ఆల్విన్ చౌరస్తా అనే పేర్లు మాత్రం మిగిలినవి. నేడు ఆ చౌరస్తాలో బస్సు దిగే విద్యార్థులలో ఆ పేరు ఒక కర్మాగారానిదని ఎరిగినవారు ఎందరు?

పతనానికి కారణాలు

దేశానికి కాలం చెప్పిన సంస్థ కాలగతిని ఏల గుర్తించలేకపోయినది? ఈ ప్రశ్నకు సమాధానం ఒక్కమాటలో లేదు.

మొదటి కారణం సాంకేతికమైనది. 1969 డిసెంబరులో సీకో సంస్థ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ చేతి గడియారాన్ని విడుదల చేసినది. స్ప్రింగు స్థానంలో చిన్న బ్యాటరీ, బ్యాలెన్స్ చక్రం స్థానంలో క్వార్ట్జ్ స్ఫటికం వచ్చినవి. నేటి క్వార్ట్జ్ గడియారాలలోని స్ఫటికం సాధారణంగా సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్యను వరుసగా 15 సార్లు సగం చేస్తే ఒకటి వస్తుంది. అదే ఒక సెకను. ఇంత సులువైన లెక్కతో, తక్కువ ఖర్చుతో, రోజూ కీ ఇచ్చే పని లేకుండా, అంతకు మించిన ఖచ్చితత్వం సిద్ధించినది.

రెండవ కారణం అభిరుచికి సంబంధించినది. 1984లో టాటా సంస్థ, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి టైటాన్‌ను స్థాపించినవి. 1987 నుండి హోసూరులో తయారైన క్వార్ట్జ్ గడియారాలు విపణిలోకి వచ్చినవి. హెచ్.ఎం.టి. గడియారాన్ని అవసరంగా చూచినది. టైటాన్ దానిని అలంకారంగాను, కానుకగాను చూపినది. హెచ్.ఎం.టి. కూడా క్వార్ట్జ్ గడియారాలు తయారుచేయకపోలేదు. కాని మారిన యువతరం మనసును అది ఆలస్యంగా గ్రహించినది.

మూడవ కారణం ఆర్థికమైనది. 1991 తరువాత ఆర్థిక విధానాలు మారినవి. పోటీ పెరిగినది. త్వరిత నిర్ణయాలకు అలవాటుపడని ప్రభుత్వరంగ సంస్థ నష్టాలలో కూరుకుపోయినది. 2000లో గడియారాల విభాగాన్ని ప్రత్యేక సంస్థగా వేరుచేసినారు. అయినా పరిస్థితి చక్కబడలేదు. అటుపై సెల్‌ఫోను వచ్చి, వేళ చూచుకొనడానికి గడియారమే అక్కరలేని స్థితి కల్పించినది. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. గడియారాల సంస్థను మూసివేయడానికి ఆమోదం తెలిపినది. హైదరాబాదులోని హెచ్.ఎం.టి. బేరింగ్స్ సంస్థ కూడా ఆ నిర్ణయంలోనే మూతపడినది.

ఆ కర్మాగారాలలో పనిచేసిన కార్మికుల నేర్పులో లోపమున్నదని ఎవరూ చెప్పలేరు. ఎన్నో దశాబ్దాల క్రిందట వారి చేతులలో రూపొందిన జనతాలు ఇప్పటికీ నడుస్తూ ఉండటమే దానికి సాక్ష్యం. లోపం యంత్రంలో లేదు. యంత్రాన్ని నడిపించే దూరదృష్టిలో ఉన్నది. ఒకసారి ఇచ్చిన కీ ఎల్లకాలం ఉండదు. గడియారానికి ప్రతిదినం కీ ఇవ్వాలని దేశానికి నేర్పిన సంస్థ, తనకు తాను కీ ఇచ్చుకొనడం మరచినది.

మిగిలిన పేరు

సంస్థ మూతపడిననూ పేరు చావలేదు. మన మార్కెట్లలో హెచ్.ఎం.టి. బియ్యం అని ఒక సన్నరకం దొరుకుతుంది. ఆ పేరు ఎక్కడిదో తెలుసుకొనదగినది. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లాలోని నాందేడ్ అనే చిన్న గ్రామంలో దాదాజీ రామాజీ ఖోబ్రగడే అనే పేద రైతు ఉండేవాడు. 1983లో తన వరిచేనులో భిన్నంగా కనిపించిన కొన్ని వెన్నులను ఏరి, ఏళ్ళ తరబడి జాగ్రత్తగా పెంచి, ఒక సన్నని వంగడాన్ని రూపొందించినాడు. 1990 ప్రాంతంలో ఆ ధాన్యం కొన్న వ్యాపారి దానికి పేరు లేకపోగా, నాటి ప్రసిద్ధ గడియారం పేరు పెట్టినాడు. ఖోబ్రగడే 2018లో కన్నుమూసినాడు. నమ్మకమైన వస్తువు అని చెప్పడానికి ఒక వ్యాపారికి అంతకంటె మంచి మాట దొరకలేదన్నమాట. ఏ బహుమతి కంటెనూ ఇది ఆ గడియారానికి దక్కిన పెద్ద గౌరవం.

బెంగుళూరులో హెచ్.ఎం.టి. వారసత్వ ప్రదర్శనశాల 2019లో ఏర్పడినది. పాత హెచ్.ఎం.టి. గడియారాలను సేకరించే యువకులు దేశమంతటా కనిపిస్తున్నారు. ఇది సంతోషించదగిన విషయమే. కాని ఈ ఆదరణ వెంట మోసమూ ప్రవేశించినది. పాత డయల్‌కు కొత్త రంగు పూసి, నాలుగు గడియారాల భాగాలను ఒకదానిలో కూర్చి, అసలైనదిగా అమ్మేవారున్నారు. మెరుపు చూచి మోసపోరాదు. కొద్దిగా మాసిన అసలు డయల్, మెరిసే కొత్త డయల్ కంటె విలువైనది.

మన కర్తవ్యం

విద్యార్థినీ విద్యార్థులారా! మీ ఇండ్లలో బీరువా అరలోనో, ట్రంకు పెట్టెలోనో ఆగిపోయిన గడియారం ఒకటి ఉండవచ్చును. దానిని పారవేయకండి. డయల్‌కు రంగు వేయించకండి. పనితెలిసిన వానితో కడిగించి, నూనె వేయించండి. ప్రతిదినం ఒకే వేళకు, బిగువు తగిలేంతవరకే కీ ఇవ్వండి. తడి తగలనీయకండి. అది ఎవరిది, ఎప్పుడు, ఏ సందర్భంలో కొన్నారు అనే వివరాలు పెద్దలు ఉండగానే అడిగి ఒక కాగితం మీద వ్రాసి ఉంచండి. వివరం లేని గడియారం పాత సామాను. వివరం ఉన్న గడియారం కుటుంబ చరిత్ర.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. మన గ్రంథాలయంలో ఒక అద్దాల బీరువా ఇందుకు కేటాయించగలరు. విద్యార్థులు తెచ్చిన గడియారాలను, వాని వివరాలను తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి అందులో ఒక వారం ప్రదర్శించి, తిరిగి ఇండ్లకు అప్పగించవచ్చు. దీనికి పెద్ద ఖర్చు లేదు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. జగ్గయ్యపేటలోను, నందిగామలోను గడియారాలు బాగుచేసే పెద్దలు ఇంకను కొందరున్నారు. వారి సంఖ్య ఏటేట తగ్గిపోతున్నది. వారి దగ్గర పని నేర్చుకొనే పిల్లలు లేరు. వారిని సంవత్సరానికి ఒకనాడు కళాశాలకు పిలిచి, మన సైన్సు విద్యార్థుల ఎదుట ఒక గడియారాన్ని విప్పి తిరిగి కూర్చి చూపవలసిందిగా కోరవచ్చు. పాఠ్యపుస్తకంలో స్ప్రింగును గురించి చదివిన విద్యార్థి, ఆ స్ప్రింగు ప్రాణం పోసుకొనడం కన్నులారా చూస్తాడు. ఆ పెద్దకు ఒక శాలువా కప్పితే, అక్షరాలా చేతిపనిని గౌరవించినవారమవుతాము.

కర్మాగారం మూతపడినను ఆ విద్య ఆ పెద్దల వ్రేళ్ళలో ఇంకా సజీవంగా ఉన్నది. అది కూడా ఆగిపోకముందే నేర్చుకొనవలసిన వయసు మీది.